చెరువు అవతలి కేక

యాంకోవ్ అనే పల్లెకు పైన అడవిలో ఒక చెరువుంది. చెరువుకు అవతలి ఒడ్డున, రెండు గుట్టల నడుమ, ఒక గండి. ఆ గండికి పేరు లేదు. పేరు పెడితే పిలిచినట్టవుతుంది, పిలిస్తే పలుకుతాడు — అందుకని పెద్దవాళ్ళెవరూ పెట్టలేదు. "అవతల" అంటారు, అంతే. "అవతల పుట్టగొడుగులు బుట్టలకొద్దీ ఉన్నాయిట... వద్దులే" అని గొంతు తగ్గిస్తారు.

అక్కడుండేవాణ్ణి కేకలోడు అంటారు. వాణ్ణి కళ్ళతో చూసి వచ్చి చెప్పినవాళ్ళు లేరు. వినడమే. చీకటి పడ్డాక గండిలోంచి "హే...య్!" అని కేక వస్తుంది. దారితప్పిన మనిషి కేకలాగే ఉంటుంది. మనిషన్నవాడికి పలకాలనే అనిపిస్తుంది.

పలకకూడదు.

పలికావా — చెట్టు మీంచి దూకి వీపెక్కుతాడు. మెడచుట్టూ చేతులు వేస్తాడు. ఇక దిగడు. ఇంటిదాకా మోసుకుపోవాల్సిందే. వెనక్కి తిరిగి చూశావో, మెడ విరుస్తాడు. చూడకుండా నడిచావో, అడుగడుక్కీ బరువెక్కుతాడు.

పీపాలు చేసే ఓండ్రా అనేవాడు ఒకసారి బీరు ఎక్కువై, ఎవడ్రా నువ్వు అని పలికాడు. పొద్దున్నే చెరువుకట్ట మీద బోర్లా పడి ఉన్నాడు. చొక్కా వీపు మీద రెండుచోట్ల నలిగి ఉంది, ఎవరో మోకాళ్ళు ఆన్చినట్టు. తాగి పడ్డాడు, చలికి పోయాడు, ఇందులో వింతేముంది అన్నారు పాదిరీగారు. ఆ పాదిరీగారు మాత్రం ఆ దారిన పగటిపూట కూడా నడిచేవారు కాదు.

మాంద ఆ చెరువు కాపలాదారు హావెల్ కోడలు. ఇది ఆమె సంగతి.

హావెల్ మొండిఘటం. చెరువు దొరగారిది, అందులో చేపలు దొరగారివి, కానీ ఆ చేపలకు ఊపిరాడకపోతే తనకే ఊపిరాడనట్టు చేసేవాడు. చలికాలంలో చెరువు గడ్డకట్టగానే రోజూ పొద్దున్నే గొడ్డలి పట్టుకుని మంచులో కంతలు కొట్టేవాడు. కంత మళ్ళీ మూసుకుపోకుండా ఒక్కోదాంట్లో ఒక్కో గడ్డిచుట్ట నిలబెట్టేవాడు. తెల్లటి చెరువు మీద ఆ గడ్డిచుట్టలు దూరానికి మనుషుల్లాగా కనిపించేవి.

యుద్ధం మొదలైన నాటికి మాంద ఇంకా పుట్టలేదు. ఆమెకు ఇరవై మూడేళ్ళు వచ్చినా అది అయిపోలేదు. అప్పటికి ఇరవై ఏడేళ్ళుగా సాగుతున్న యుద్ధం. ఈసారి అది నడుచుకుంటూ వచ్చి యాంకోవ్‌లోనే దిగింది. ఒక పక్క చక్రవర్తి సైన్యం, ఇంకో పక్క స్వీడన్ వాళ్ళు. ఎవరు గెలిస్తే ఏమిటని ఊళ్ళో ఎవరూ అడగలేదు. ఎవరొచ్చినా ముందు ఆవును అడుగుతారు, తర్వాత ధాన్యం, తర్వాత ఆడవాళ్ళు.

శుక్రవారం నాడు చక్రవర్తి మనుషులు వచ్చి బండినీ రెండు గుర్రాల్నీ పట్టుకున్నారు. గుర్రాలు కూడా దొరగారివే. మాంద మొగుడు ప్రోకోప్ దొడ్లో నిలబడి తండ్రి వంక చూశాడు.

"గుర్రాల వెంట నువ్వు పో," అన్నాడు హావెల్. "మనిషి పోకపోతే గుర్రాలు తిరిగి రావు. గుర్రాలు రాకపోతే దొర మన తోలు వలుస్తాడు."

"మనిషి తిరిగి రాకపోతేనో?" అంది మాంద.

"నోర్ముయ్యి. అపశకునం మాటలూ నువ్వూ."

ప్రోకోప్ నవ్వాడు. గొర్రెతోలు కోటు వేసుకున్నాడు. దాని మోచేతికి చిరుగుంటే మాంద పాత టోపీ ముక్క కోసి అతుకు వేసింది. ఆ అతుకు చూపించి, "ఇంత వికారమైన కోటు ఏ సిపాయీ లాక్కోడు. నాకేం భయం లేదు," అన్నాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

ఈస్టరు ముందటి ఉపవాస దినాల మొదటి సోమవారం, పొద్దు పొడవకుండానే ఫిరంగులు మొదలయ్యాయి.

ఊళ్ళో మిగిలిన పదకొండు మందీ నాలుగు ఆవుల్ని తోలుకుని చెరువుకు ఇవతల అడవిలో, పాత బొగ్గులబట్టీ గోతిలో దాక్కున్నారు. ఆవుల మూతులు తాళ్ళతో బిగించారు. మంట వెయ్యలేదు. కుండలో కాసిని నిప్పులు దాచుకున్నారు. మొలకెత్తించి వేయించిన బఠాణీలు గుప్పెడు గుప్పెడు పంచుకుని తిన్నారు. ఫిరంగి పేలిన ప్రతిసారీ గడ్డకట్టిన చెరువు మూలిగేది... పెద్ద జంతువేదో నిద్రలో దొర్లినట్టు.

మధ్యాహ్నానికి ఆ చప్పుడు యాంకోవ్ దాటి అడవిలోకి వచ్చింది. చెట్ల మధ్య గుర్రాలు, మనుషులు, బళ్ళు. ఎవరు తరుముతున్నారో ఎవరు పారిపోతున్నారో తెలియదు. చక్రవర్తి బళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతూ అవతలి ఒడ్డు వెంబడి పోవడం మాంద చూసింది. ఏ బండి ఎవరిదో ఆ పొగలో ఆనలేదు. స్వీడన్ గుర్రపువాళ్ళు చెరువు మీదికి దిగి కంతల్లోని గడ్డిచుట్టల్ని లాక్కుని గుర్రాలకు వేశారు.

"నా గడ్డి," అన్నాడు హావెల్ పళ్ళు నూరుతూ. "చేపలు చస్తాయి."

"మనుషులు చస్తున్నారయ్యా హావెల్," అంది పక్కింటి వోర్షిలా. ఆమె మొగుణ్ణి ఇదే యుద్ధం ఎప్పుడో తిన్నది. అప్పట్నుంచి ఆమె నాలుకకు భయం లేదు.

"మనుషులకు చావు ప్రార్థన చెప్పడానికి పాదిరీ ఉన్నాడు. చేపలకు నేనే."

పొద్దుగూకేసరికి అంతా అయిపోయింది. చక్రవర్తి సైన్యం అనేది ఇక లేదని తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది ఒక్కటే — కట్ట మీద స్వీడన్ వాళ్ళ మంటలు, పాటలు. అడవి నిండా మూలుగులు. ఆ మూలుగులు కూడా చలికి ఒక్కొక్కటే ఆగిపోయాయి.

నెలవంక కాస్త ముదిరిన రోజులు. చంద్రుడు అర్ధరాత్రి దాటేదాకా ఉన్నాడు. ఆ వెలుగు ఇంకా చెట్ల మీద ఉండగానే —

"హే...య్!"

అవతల నుంచి. గండిలోంచి.

గోతిలో ఎవరూ కదల్లేదు. వోర్షిలా గుండెల మీద శిలువ గీసుకుంది.

"వాడే," అంది గుసగుసగా. "ఈ రాత్రి వాడికి పెళ్ళివిందు."

"హే...య్!"

గాయపడ్డ సిపాయి ఎవడో అయి ఉంటాడు అనుకుంది మాంద. సిపాయి అయితే తల్లిని పిలుస్తాడు, దేవుణ్ణి పిలుస్తాడు. ఇది అలా లేదు. ఆగి... లెక్కపెట్టినట్టు ఆగి... మళ్ళీ అదే కేక.

అప్పుడు —

"మాం...దా!"

ఆమె చేతిలోని బఠాణీలు మంచులో రాలిపోయాయి.

"నన్నే," అంది. "మావయ్యా... నన్నే పిలుస్తున్నాడు. ప్రోకోప్!"

హావెల్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొడ్డలి పట్టే చెయ్యి. ఎముక నొప్పెట్టింది.

"కూర్చో."

"మీ అబ్బాయి మావయ్యా!"

"నా కొడుకు గొంతు నాకు తెలీదా? అది వాడి గొంతేనా? చెప్పు!"

మాంద చెవులు రిక్కించింది. బొంగురు గొంతు. చలికి పగిలిపోయిన గొంతు. అవునని చెప్పలేకపోయింది, కాదని చెప్పలేకపోయింది.

"వాడికి అందరి పేర్లూ తెలుసు," అన్నాడు హావెల్. "ఎవరి పేరు ఎవరికి నొప్పో కూడా తెలుసు. పేరు తప్ప మరో ముక్క రాదు వాడికి. ఇంకేదన్నా అడిగి చూడు, చెప్పలేడు. నా చిన్నప్పుడు నన్నూ పిలిచాడు. మా అమ్మ గొంతుతో. ఐదు రాత్రులు. నేను పలకలేదు. అందుకే ఇలా బతికి కూచున్నాను."

"మీ అమ్మ గొంతుతోనా? అప్పటికి ఆవిడ..."

"కట్టెలకని పోయి తిరిగి రాలేదు ఆ ఏడు."

మాంద మెల్లగా అడిగింది:

"దొరికిందా మావయ్యా?"

"మంచు కరిగాక దొరికింది."

"ఎక్కడ?"

హావెల్ అవతలి వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆయన ఆ సంగతిని అరవై ఏళ్ళుగా ఒక పక్క నుంచే చూస్తున్నాడనీ, పిలిచింది నిజంగా అమ్మేనేమో అని రెండో పక్కకు తిప్పి చూడ్డానికి ఆయనకు ధైర్యం లేదనీ మాందకు ఆ క్షణంలో అర్థమైంది.

"మాం...దా!"

"ఇక్కడ పదకొండు ప్రాణాలున్నాయి," అన్నాడు హావెల్. "నువ్వు ఒక్క కేక వేస్తే కట్ట మీదివాళ్ళు వస్తారు. కేకలోడు తినగా మిగిలింది వాళ్ళు తింటారు. కూర్చో."

ఆమె కూర్చుంది.

చంద్రుడు దిగిపోయాడు. అందరూ ఒకరినొకరు ఆనుకుని కునికారు. హావెల్ చెయ్యి వదులైంది. మాంద ఆవు మూతికి కట్టిన తాడు విప్పి నడుముకు చుట్టుకుంది. ఆవు అరవలేదు. వోర్షిలా మాత్రం కళ్ళు తెరిచే ఉంది.

"పిల్లా," అంది పెదాలు కదిలీ కదలకుండా. "పలకకు. పలక్కుండా పోయి చూడు. ఆయనే అయితే పలక్కపోయినా ఆయనే."

మాంద తలూపింది. గోతిలోంచి పాకి బయటికి వచ్చింది.

కట్ట మీంచి పోవడానికి లేదు, మంటలున్నాయి. చెరువు మీంచే పోవాలి. కంతలు ఎక్కడున్నాయో పగలైతే కళ్ళు మూసుకుని చెప్పేది. ఇప్పుడు గడ్డిచుట్టలు లేవు. కంతల మీద సాయంత్రం నుంచి పల్చటి పొర కట్టి, దాని మీద సన్నటి మంచు రాలి, చెరువంతా ఒకే తెలుపు. ఒక కర్ర తీసుకుని ముందు తడుముకుంటూ, అడుగు తర్వాత అడుగు వేసింది.

"మాందా..."

కేక సన్నబడుతోంది. అదే ఆమెకు దారి.

పెదాలు పళ్ళ మధ్య పెట్టి కొరుక్కుంది. పలకనని. ఒక్కసారి పలికితే, 'వస్తున్నా, ఉండు' అంటే ఎంత తేలిక! పలకలేదు. అవతలి ఒడ్డు చేరింది. గండిలో అడుగు పెట్టింది.

కేక ఆగిపోయింది.

విరిగిన బండి చక్రం ఒకటి చేతికి తగిలింది. చచ్చిన గుర్రం కడుపు... ఇంకా కాస్త మెత్తగా. ఆమె నిలబడింది. చీకట్లో ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారు. అది వినిపించదు, కానీ తెలుస్తుంది.

ఎందుకు ఆగాడు?

దయ్యమైతే దగ్గరికి వచ్చాక ఇంకా గట్టిగా పిలవాలి కదా! ఆగాడంటే... భయపడ్డాడు. నన్ను చూసి భయపడ్డాడు. శవాల బట్టలు ఒలుచుకునేవాళ్ళు ఇలాగే వస్తారు — మాట్లాడకుండా, తడుముకుంటూ. ప్రాణంతో ఉన్నవాడు దొరికితే గొంతు కోసి మరీ ఒలుస్తారు.

మాట్లాడితే తప్ప కుదరదు. మాట్లాడితే...

మాంద కళ్ళు మూసుకుంది.

"హేయ్," అంది. "నేనే. మాందని."

వెనక నుంచి రెండు చేతులు ఆమె మెడ చుట్టూ పడ్డాయి.

ఆమె అరవలేదు. గట్టు మీంచి మొత్తం బరువు వీపు మీదికి జారింది. చెవిలో చల్లటి ఊపిరి.

"మాందా..."

అంతే, అయిపోయింది అనుకుంది. మెడ చుట్టూ ఉన్న చేతిని విడిపించుకోబోతే వేళ్ళకు గొర్రెతోలు తగిలింది. మోచేయి దగ్గర టోపీ ముక్క. తను వేసిన అతుకు. వంకరటింకర కుట్టు.

"ప్రోకోప్! ఓరి దేవుడా, ప్రోకోప్!"

"మాందా. మాందా."

"నడవగలవా? కాలేమైంది?" తడిమింది. ఒక కాలు మోకాలి కింద వేలాడుతోంది. తలకూ మొహానికీ గుడ్డ చుట్టి ఉంది, అది నెత్తురుతో గడ్డకట్టి చెక్కలా ఉంది. "సరే, మాట్లాడకు. నేను మోస్తాను. నిన్నటిదాకా నువ్వు మోశావు సంసారం, ఇవాళ నా వంతు."

తాడుతో అతన్ని వీపుకు కట్టుకుంది. లేచింది. గండిలోంచి బయటికి అడుగు వేసిందో లేదో అతను పెనుగులాడాడు. ఆమె భుజం మీద కొట్టాడు. జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

"మాందా! మాందా!"

"అరవకయ్యా! కట్ట మీద సిపాయిలున్నారు. నీకు జ్వరం. కాస్త ఓర్చుకో."

చెరువు మీదికి దిగింది. తను వచ్చిన అడుగులు చీకట్లో లీలగా తెలుస్తున్నాయి. వాటి మీదే నడిచింది. వీపు మీద అతను వణుకుతున్నాడు. భుజం మీద కొడుతూనే ఉన్నాడు.

"మాందా..."

"ఇక్కడే ఉన్నాగా. ఇంకెందుకు పిలుపు?"

"మాందా..."

ఆమె అడుగు తడబడింది. ఒక చల్లటి పురుగు మెడ మీద పాకినట్టైంది.

"ఏమయ్యా," అంది మెల్లగా. "మన ఎర్రావు పేరేంటి?"

ఊపిరి చప్పుడు.

"మీ నాన్న పేరు చెప్పు. నాన్న పేరు చెప్పవయ్యా!"

"మాందా."

పేరు తప్ప మరో ముక్క రాదు వాడికి.

మంచు మీద నిలబడిపోయింది. విప్పి పడేస్తే? తాడు ముడి గుండెల మీదే ఉంది, ఒక్క లాగు లాగితే చాలు. కోటు ప్రోకోప్‌దే... మనిషిని తిన్నవాడు కోటు తొడుక్కోలేడా? బరువు పెరిగింది. అడుగడుక్కీ బరువెక్కుతాడు. నిజంగానే పెరిగింది. లేక తనే అలిసిపోయిందా?

అప్పుడే వినిపించింది. వెనక నుంచి.

జర్ర్...

మంచు మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు.

ఆగింది. మళ్ళీ — జర్ర్... జర్ర్...

వీపు మీద ఉన్నవాడు ఒక్కసారిగా పిచ్చివాడయ్యాడు. మెలికలు తిరిగాడు. ఆమె గడ్డం పట్టి మొహాన్ని వెనక్కి తిప్పబోయాడు. వెనక్కి చూడమంటున్నాడు! వాడికి కావలసింది అదే! మాంద మెడ బిగించి, పళ్ళు బిగించి, ముందుకే చూసింది. వీపు మీద ఒకడు. వెనక ఇంకొకడు. యేసు మరియమ్మా... ఒక్కడనే చెప్పారు, ఇద్దరని ఎవరూ చెప్పలేదు.

నడక పరుగైంది. కర్ర ఎక్కడో జారిపోయింది. కాలు కింద పెళ్ళుమంది — కంత! ఎడమ కాలు తొడదాకా నీళ్ళలోకి దిగిపోయింది. మోచేతుల మీద పడింది. పాకి, పెనుగులాడి, బరువుతో సహా పైకి లేచింది. కాలు ఉందో లేదో తెలియలేదు. పరుగెత్తింది.

వెనక జర్ర్... అని ఒకసారి. చాలాసేపటికి ఇంకోసారి. తర్వాత లేదు.

ఆగిపోయింది ఆ చప్పుడు. మాంద దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

గోతి ముందు హావెల్ గొడ్డలితో నిలబడి ఉన్నాడు.

"అక్కడే ఆగు! వెనక్కి చూడకు! ఎవణ్ణి తెచ్చావే?"

"మీ కొడుకుని."

"మాట్లాడమను."

వీపు మీంచి బొంగురు గొంతు, "మాందా..." అంది.

గొడ్డలి పైకి లేచింది. "పక్కకి వంగు. ముడి విప్పి పక్కకి దొర్లు. నేను చూసుకుంటాను."

"కోటు ఆయనది మావయ్యా! నేను వేసిన అతుకు!"

"వంగమన్నానా!"

"ఉండవయ్యా మొండి ముసలోడా," అంది వోర్షిలా. నిప్పుల కుండలో చితుకు పెట్టి ఊదుతూ వచ్చింది. "చంపేవాణ్ణి చూసి చంపు. చూడకుండా ఎందుకు?"

చితుకు అంటుకుంది. ఆమె చేత్తో గుడ్డ పైకి తోసింది.

నల్లటి ఉంగరాల జుట్టు. ఇరవై కూడా లేవు. పెదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. చక్రవర్తి ఏ దేశం నుంచి కొనుక్కొచ్చాడో, ఎవరికీ తెలియని మొహం.

ప్రోకోప్ కాదు. దయ్యమూ కాదు.

వెలుగు పడగానే ఆ కుర్ర సిపాయి నోరు తెరుచుకుంది. ఏ దేశపు భాషో — ఆనకట్ట తెగినట్టు మాటలు. ఒక్క ముక్క ఎవరికీ తెలియలేదు. గొడ్డలిని చూశాడు, చేతులు జోడించాడు. చెరువు అవతలికి చూపించాడు. వంటి మీది కోటు చూపించాడు. తన రొమ్ము మీద వేలు పెట్టి, ఊపిరి అందనివాడిలా ఎగశ్వాస పీల్చి చూపించాడు. రెండు వేళ్ళు పక్కపక్కనే పెట్టాడు. ఒక వేలు పైకెత్తాడు. రెండోది కిందే ఉంచాడు.

"మాందా," అన్నాడు, ఆ కింద ఉన్న వేలిని చూపించి. ఏడ్చాడు.

వోర్షిలా చితుకు కిందికి దించింది.

"ఒరే నాయనా," అంది. "ఆ పేరు ఎవరిదో కూడా వీడికి తెలీదే. ప్రోకోప్ నేర్పించాడు. రొమ్ములో గుండు దిగినవాడికి కేక వేసే ఊపిరేదీ? ఊపిరి ఉన్నవాడికి నేర్పించాడు. అరిచేవాడు చలికి పోకూడదని కోటు కూడా..."

ఎవరూ ఆమెను పూర్తి చెయ్యనివ్వలేదు. పూర్తి చెయ్యాల్సిన అవసరమూ లేదు. వేరే మాట మాట్లాడితే పరాయి సిపాయి అని తెలిసి కింద పడేసి పోతుందని కుర్రాడు భయపడ్డాడు. అందుకే తెలిసిన ఆ ఒక్క మాటతోనే దారంతా బతిమాలాడు — వెనక్కి చూడు, వెనక్కి చూడు అని.

మాంద హావెల్ వంక చూసింది.

"వెనక చప్పుడు," అంది. "మంచు మీద ఈడ్చుకుంటూ... వచ్చాడు మావయ్యా. నా వెనకే వచ్చాడు."

గొడ్డలి కింద పడింది.

తూర్పున బూడిదరంగు వెలుగు. ఇద్దరూ చెరువు మీదికి పరుగెత్తారు. కట్ట మీద ఎవరో లేచి చూసినా చూసి ఉండవచ్చు, వాళ్ళు పట్టించుకోలేదు. మాంద అడుగులు తెల్లటి మంచు మీద వరసగా ఉన్నాయి. వాటి పక్కన, అవతలి ఒడ్డు నుంచి, ఒక వెడల్పాటి చార. చార మధ్యలో నల్లటి మరకలు. చెరువు సగం దాటి, ఇంకా ఇవతలికి వచ్చి... అక్కడ ఆగింది.

ప్రోకోప్ ఒంటి మీద చొక్కా మాత్రమే ఉంది. బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది.

హావెల్ అతన్ని వెల్లకిలా తిప్పాడు. చొక్కాలోకి చెయ్యి పెట్టి చంకలో తడిమాడు.

"వెచ్చగా ఉన్నాడే," అన్నాడు. "అమ్మాయ్, వెచ్చగా ఉన్నాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాడు."

మాంద అతని రొమ్ము మీద చెవి పెట్టింది. చెరువు మూలుగు వినిపించింది కింద ఎక్కడో. అంతకు మించి ఏమీ వినిపించలేదు. తల ఒళ్ళోకి తీసుకుంది. మొహం మీది మంచు తుడిచింది. తుడుస్తూనే ఉంది. పెదాల చివర నెత్తురు గడ్డకట్టి ఉంది, నోరు మూసే ఉంది.

"నేనే చూడలేదు," అంది. "ఒక్కసారి తిరిగి చూస్తే సరిపోయేది. మావయ్యా, ఒక్కసారి!"

"చూడొద్దని చెప్పింది నేను," అన్నాడు హావెల్. "పొమ్మన్నదీ నేనే."

అప్పుడు —

"హే...య్!"

అవతల నుంచి. గండిలోంచి.

బొంగురు గొంతు కాదు. పగిలిన గొంతు కాదు. నిండు ఊపిరితో, నవ్వు కలిసిన గొంతు... సంత నుంచి బండి తోలుకొచ్చి, దొడ్డి తలుపు తియ్యమని ప్రోకోప్ వేసే కేక.

మాంద ఒళ్ళోకి చూసింది. ఒళ్ళో ఉన్న పెదాలు కదల్లేదు. దూరంగా గోతి దగ్గర వోర్షిలా పక్కన ఆ కుర్ర సిపాయి పడుకుని ఉన్నాడు. గండిలో ఇక ఎవరూ లేరు.

"నా...న్నా!"

హావెల్ లేచాడు. ఆయన మోకాళ్ళు పటపటమన్నాయి. నోటి దగ్గర రెండు చేతులూ దొప్పలా పట్టాడు.

"ఓ...య్!" అన్నాడు, కొండలు తిరిగి పలికేటట్టు. "వస్తున్నానురా నాయనా! అక్కడే ఉండు!"

కట్ట మీద కుక్కలు మొరిగాయి.

"మావయ్యా, వద్దు! మావయ్యా!"

ఆయన వెనక్కి చూడలేదు. కంతలు ఎక్కడున్నాయో కూడా చూడకుండా తిన్నగా చెరువు దాటాడు. గండి మొదట్లో ఆగాడు. వెలుగు ఇంకాస్త పెరిగింది, మాందకు స్పష్టంగానే కనిపించింది. ముసలాయన వీపు వంచాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టాడు — చిన్నపిల్లాణ్ణి ఎక్కించుకునేవాడిలాగా. కొంచెం ఊగాడు. బరువు సర్దుకున్నాడు.

తర్వాత ఇంటి దారి పట్టాడు, అడుగులో అడుగు వేసుకుంటూ, ఏదో మాట్లాడుతూ.

ఒడ్డు మీది మంచులో ఆయన అడుగులు పోయేటప్పటి కన్నా వచ్చేటప్పుడు లోతుగా పడ్డాయి.